మూయకూడని బెజ్జం

నేను అసలు కంప్యూటర్ల మనిషిని కాను, రేడియోల మనిషిని. ఆదోనిలో స్టేషను రోడ్డు మీద నా కొట్టు. రేడియోలు, టేప్‌రికార్డర్లు, ఎప్పుడైనా ఒక టీవీ. ఎనభై అయిదులో హైదరాబాదు పోయి మూడు నెలలు కంప్యూటరు రిపేరు నేర్చుకొని వచ్చాను. ఆ మూడు నెలలకే, ఈ చుట్టుపక్కల కంప్యూటరు మూత విప్పగలిగినవాడు పీరా సాబ్ ఒక్కడే అని పేరు పడింది. పేరు పడ్డాక మనిషి ఊరికే ఉండడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం మానేశాను. అడిగినవాడి మాట పూర్తికాకముందే జవాబు చెప్పే జబ్బు పట్టుకుంది. ఈ కథలో నా వంతు పాపం ఏదైనా ఉంటే అది ఆ జబ్బు వల్లే.

ఎనభై తొమ్మిది జనవరిలో ఎమ్మిగనూరు నుంచి కబురు వచ్చింది. అక్కడ ఊరి బయట శేషగిరి శెట్టిగారి జిన్నింగు మిల్లు, పత్తిలో గింజలు తీసే మిల్లు ఉంది. ఆ మిల్లులో కంప్యూటరు పెట్టించింది నేనే, మూడేళ్ళ కింద. దానికి ఉన్నది పది మెగాబైట్ల డిస్కు. రైతుల పేర్లు, పత్తి రకాలు, బేళ్ళ నంబర్లు ఎక్కించీ ఎక్కించీ అది నిండిపోయింది. శెట్టిగారు బొంబాయిలో ఎవరినో పట్టుకొని ఎనభై మెగాబైట్ల డిస్కు ఒకటి తెప్పించి నా కొట్టుకు పంపారు. ఇప్పుడు ఎనభై మెగాబైట్లంటే పిల్లలు నవ్వుతారు. ఆ రోజు నేను దాన్ని రెండు చేతులా అందుకొని, కొట్టులోకి వచ్చినవాళ్ళందరికీ చూపించాను. రెండు ఇటుకల బరువు ఉంది. కింద పడితే మళ్ళీ పనికిరాదు. అందుకని తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకొని పోయాను.

పత్తి సీజను. మిల్లు గేటు ముందు పత్తి బండ్లు బారులు తీరి ఉన్నాయి. గేటు దాటితే నేల కనబడదు, తెల్లటి పీచు. చెట్ల మీద, తీగల మీద, మనుషుల కనుబొమల మీద అదే పీచు. గింజల వాసన, గ్రీజు వాసన, జిన్ను మిషన్ల రొద. అక్కడ పొద్దంతా పనిచేసేవాళ్ళు పక్కనున్నవాడితో కూడా కేకవేసి మాట్లాడతారు. సాయంత్రం ఇళ్ళకు పోయాక కూడా అలాగే అరుస్తారని వాళ్ళ పెళ్ళాలు తిడుతుంటారు.

కంప్యూటరు గది మాత్రం వేరు. లోపలికి పీచు రాకూడదని కిటికీలన్నిటికీ ఖాకీ కాగితం అంటించారు. తలుపు సందుల్లో కూడా గుడ్డపేలికలు కుక్కారు. పదకొండు గంటల ఎండలో నుంచి అందులోకి అడుగు పెట్టేసరికి కళ్ళు పోయినట్టు అయింది. ఒక ట్యూబులైటు, ఒక పాత సీలింగు ఫ్యాను. తలుపు వేస్తే జిన్నుల రొద ఎక్కడో భూమి అడుగు నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. గాలి బరువుగా ఉంది. ఊదుబత్తి పొగ, దాని కింద ఇంకేదో మాగిన వాసన.

గదిలో విశ్వేశ్వరయ్య ఉన్నాడు. నలభై అయిదేళ్ళ గుమాస్తా. నుదుటి మీద విభూతి, మెడలో లింగకాయ. నేను వచ్చినప్పుడల్లా బేళ్ళ షెడ్డులో నంబర్లు వేస్తూ కనబడేవాడు. ఈ మిషను ముందు కూర్చునేది ఎవరో ఒక అమ్మాయి అని గుర్తు.

“ఆయమ్మ లేదా సామీ?” అన్నాను.

“లేదు” అన్నాడు. “ఇప్పుడు నేనే సూసుకుంటాండాను.”

పెళ్ళి చేసుకొని పోయిందేమో అనుకున్నాను. ఇంకొక మాట అడిగి ఉంటే బాగుండేది. నేనెక్కడ అడుగుతాను, చెప్పడమే తప్ప!

పని మొదలుపెట్టే ముందు ఎర్తింగు చూడటం నా అలవాటు. మూడేళ్ళ కింద గుంత తీసి ఎర్తింగు వేయించండని మొత్తుకున్నాను, వేయించలేదు. ఈసారి గోడ వెంట కొత్త రాగి తీగ ఉంది. మిషను పక్కన స్టెబిలైజరు కూడా కొత్తదే. ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందని మెచ్చుకుంటూ టెస్టరు పెట్టి చూస్తున్నాను. విశ్వేశ్వరయ్య నా వెనక నిలబడి ఉన్నాడు.

“సాబ్, కరెంటు కొట్టినోళ్ళు సచ్చినట్టే పడిపోయి మళ్ళా లేసేది ఉంటాదా?”

“ఎందుకుండదు సామీ!” అన్నాను. “హైదరాబాదులో ఒక లైన్‌మ్యాన్‌ను నా కండ్లతో సూసినా. స్తంభం మింద నుంచి పడె. నాడి లేదు, ఊపిరి లేదు. గుడ్డ గూడా కప్పిరి. రెండు గంటలైనాక లేసి కూసోని నీళ్ళడిగె.”

నేను చూడలేదు. శిక్షణలో ఎవడో టీ తాగుతూ చెప్పాడు. వాడు కూడా చూసి ఉండడు.

 నేను మిషను మూత మరలు విప్పుతుండగా విశ్వేశ్వరయ్య “రెండు గంటలా?” అన్నాడు.

“రెండు గంటలు” అన్నాను నేను, మర తిప్పుతూ.

పాత డిస్కు బయటికి తీశాను. కొత్తది దానికి రెండింతల ఎత్తు. లోపల ఫ్లాపీ డ్రైవు ఒకటి ఊడదీస్తే తప్ప చోటు చాలలేదు. బిగించే ముందు డిస్కును బల్ల మీద పెట్టి, విశ్వేశ్వరయ్యకు పాఠం మొదలుపెట్టాను. ఇది సీలు వేసిన డబ్బా, లోపల అద్దంలాంటి పళ్ళేలు తిరుగుతుంటాయి, ఒక్క పీచు పోగు లోపలికి పోయినా పళ్ళెం గీసుకుపోతుంది. అయితే తిరిగినప్పుడు వేడెక్కి లోపలి గాలి ఉబ్బుతుంది కదా, అందుకని పైన ఒక బెజ్జం పెడతారు. దాని వెనక సన్నటి జల్లెడ. బెజ్జం పక్కన దీన్ని మూయవద్దని ఇంగ్లీషులో చీటీ అంటించి ఉంది.

“ఇది దీని ముక్కు సామీ. ఈడ నుంచే ఊపిరి తీసుకుంటాది. మూసినావంటే సచ్చిపోతాది” అని నవ్వాను.

విశ్వేశ్వరయ్య నవ్వలేదు. వంగి, ఆ బెజ్జాన్నే చూస్తూ ఉండిపోయాడు. ట్యూబులైటు కింద ఆయన మొహం బూడిద రంగులో కనబడింది. విభూతి వల్ల అనుకున్నాను.

డిస్కు బిగించి, కేబుళ్ళు తగిలించి, మూత వేయకుండానే స్విచ్చి వేశాను. సన్నగా కూత మొదలై పైకి పైకి పోయి ఒకచోట నిలిచింది. పాత మిషను కొత్త డిస్కును ఒక్కసారిగా ఒప్పుకోదు. మిషనును నడిపే పాత డాసుకు ముప్పై రెండు మెగాబైట్లకు మించి ఒక్క ముక్కగా కనబడదు. అందుకని డిస్కును మూడు గదులు చెయ్యాలి. దానికంటే ముందు, బీడు దున్నినట్టు, మొదటి గీత నుంచి చివరి గీత దాకా ఒకసారి ఫార్మాటు చెయ్యాలి. ఆ పని పెట్టాను. నల్లటి తెర మీద పచ్చటి అంకెలు ఒకటి, రెండు, మూడు అని కదలసాగాయి. వెయ్యి ఇరవై మూడు దాకా పోవాలి. గంటన్నర పని.

“ముట్టుకోవద్దు సామీ, దాని పాటికి అది పోతాది” అని చెప్పి నేను బయటికి వచ్చాను.

గేటు దగ్గర రేకుల కింద సిద్దమ్మ టీ పోస్తుంది. ముసలామె. మిల్లు ఊడ్చే పని కూడా ఆమెదే. బొరుగుల ఉగ్గాని, ఒక మిరపకాయ బజ్జీ పెట్టించుకొని కూర్చున్నాను. ఆమె నా ముందు చతికిలబడి, కంప్యూటరు గది వైపు గడ్డం ఎత్తి చూపించింది.

“ఆడ ఒంటిగా కూసుంటివా అన్నా?”

“సామి ఉన్నాడు గదా. ఏమవ్వా?”

“ఆ సామి పెండ్లామే అన్నా, ఉమాదేవమ్మ. ఆ మిషను కాడ పనిజేసేది. దసరా అయిన నాలుగో దినం ఆడనే కరెంటు కొట్టి పోయింది.”

బజ్జీ నా చేతిలోనే ఉండిపోయింది.

సిద్దమ్మ గొంతు తగ్గించి చెప్పింది. స్టెబిలైజరు ఇనుప ఒంటిలోకి కరెంటు దిగిందట. ఉమాదేవి చెయ్యి దానికి అతుక్కుపోయింది. ఎవరో పరిగెత్తి మెయిను పీకేశారు. ఆమెను అదే గదిలో చాప మీద పడుకోబెట్టారు. మిల్లులో మనిషి కరెంటు కొట్టి పోతే పోలీసులు వస్తారు, మిల్లు మూయిస్తారు. అందుకని సావుకారు శెట్టిగారి మనుషులు డాక్టరును పిలవనివ్వలేదు. పొద్దుగూకే లోపల అంతా అయిపోవాలన్నారు. మా సాయిబుల మాదిరే వాళ్ళ లింగాయతుల్లోనూ పూడ్చడమే. అయితే పడుకోబెట్టరు. సమాధిలో గూడు తీసి, విభూతి పూసి కూర్చోబెడతారు.

“నీళ్ళు పోసింది నేనే అన్నా. ఒళ్ళు కట్టెబారలే. ఎత్తితే సెయ్యి మెత్తగా వాలిపోతాండె, నిద్దరపోయిన బిడ్డ మాదిరి.”

“ఎవరికన్నా సెప్పింటివా?”

“ఎవరికి సెప్పల? ముక్కులో దూది పెట్టింది ఆ సామే. మొగుడు పెట్టినాక నేనేమని సెప్తాను?” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇప్పుడు కనబడినోళ్ళనంతా అదే అడుగుతాండాడు. కరెంటు కొట్టినోళ్ళు మళ్ళా లేస్తారా అని. లెయ్యరులే సామీ అని అందరమూ సెప్తాండాము. ఆ మాట ఇంటేనే ఆయప్పకు ఆ పూట కూడు దిగేది.”

నా నాలుక కోసి పారెయ్యాలనిపించింది. మూడు నెలలుగా ఊరంతా కలిసి ఆ మనిషిని నిలబెడుతుంటే, నేను ఒక్క నిమిషంలో, మర తిప్పుతూ, రెండు గంటలు అని చెప్పి వచ్చాను. ఉగ్గాని అక్కడే వదిలేసి లేచాను. లైన్‌మ్యాన్ సంగతి అబద్ధం సామీ, గొప్పకు చెప్పినాను అని ఒప్పుకోవాలి. నా జీవితంలో అలాంటి మాట ఎవరితోనూ అనలేదు. ఆ రోజు అందామనే పోయాను.

తలుపు తీసి, వేసి, కళ్ళు కుదురుకునేదాకా నిలబడ్డాను.

డిస్కు శబ్దం మారింది.

ఆ సన్నటి కూత లేదు. లోపల ఏదో బరువుగా ఈడుస్తున్నట్టు... ఆగి... మళ్ళీ ఈడుస్తున్నట్టు. తెర మీద అంకె నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగిపోయి ఉంది. విశ్వేశ్వరయ్య మిషను ముందు కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు.

దగ్గరికి పోయి చూశాను. బెజ్జంలో దూది ఉంది. చిన్న ఉండ చేసి, గట్టిగా, నీటుగా కుక్కి ఉంది.

“ఏం పని సామీ ఇది!”

“పీచు పోతాదేమో అని” అన్నాడు. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కే మనిషి. ఆ మిల్లులో ప్రతి సందునూ అలాగే మూస్తారు. ఆయన చెయ్యి తనంతట తానే ఆ పని చేసి ఉంటుంది.

“నేను సెప్తి గదా! ముక్కు మూస్తే ఊపిరాడేది ఎట్ల?”

అనేశాను. అన్నాక గానీ నాకు తెలియలేదు ఏమన్నానో. విశ్వేశ్వరయ్య కళ్ళెత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ నిద్రలో కనబడుతుంది.

“ఇప్పుడు తీస్తే... బతుకుతాదా సాబ్?”

 వేళ్ళ కొసలతో దూది పట్టుకొని లాగాను. అది తడిగా ఉంది. నూనె తడి కాదు, గ్రీజు కాదు. ముక్కు దగ్గర పెట్టి చూసి, చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాను. ఆ మాగిన వాసన గదిలో ఒక్కసారిగా ఎక్కువైంది. తేమ... నోటి తేమ... చాలాసేపు మూసి ఉన్న నోరు తెరిస్తే వచ్చే వాసన.

దూదిలో నుంచి ఒక పోగు విడివడి బెజ్జం అంచుకు అంటుకొని ఉంది. వెంట్రుకంత పోగు. మేమిద్దరమూ దాన్నే చూస్తున్నాము.

అది లోపలికి వంగింది.

బయటికి లేచింది.

లోపలికి... బయటికి...

డిస్కు ఊపిరి తీసుకుంటుందని నేను అన్నది మాటవరసకు. ఆ గాలి ఎంతంటే, రోజంతా కూర్చున్నా పోగు కదలదు. ఇది కదులుతోంది. నిదానంగా, లెక్కగా, పక్కన పడుకున్న మనిషి ఎదలాగా. 

“గాలి సామీ” అన్నాను.  “ఫ్యాను గాలి. ఇంకేమీ లేదు. ఆ లైన్‌మ్యాన్ సంగతి గూడా అబద్ధమే. నేను సూడలే. ఉత్తదే సెప్తిని. కరెంటు కొట్టినోళ్ళు లెయ్యరు సామీ.”

ఆయన తల ఊపాడు. నిజంగానే ఆ మాట కోసమే చూస్తున్నట్టు, చిన్నపిల్లవాడిలాగా తల ఊపాడు.

అప్పుడు కరెంటు పోయింది.

ట్యూబులైటు ఆరిపోయింది. తెర మీద అంకె చుక్కగా మారి మాయమైంది. జిన్నులన్నీ ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ మిల్లులో నేనెప్పుడూ వినలేదు. నెత్తి మీద ఫ్యాను కిర్రుమని నాలుగు చుట్లు తిరిగి నిలబడిపోయింది. డిస్కు కూత దిగుతూ దిగుతూ వచ్చి... ఆగింది.

అది ఆగాక దాని కింద ఉన్న శబ్దం వినబడింది.

నేను జేబులో తడిమాను. అగ్గిపెట్టె దొరికింది. మొదటి పుల్ల విరిగిపోయింది. రెండోది వెలిగింది. మంట నిటారుగా నిలబడింది, ఇటూ అటూ ఊగలేదు. గదిలో గాలి లేదు. ఎక్కడా లేదు.

పోగు లోపలికి వంగింది.

బయటికి లేచింది.

“ఆ పొద్దు గూడా ఫ్యాను తిరగలే సాబ్” అన్నాడు విశ్వేశ్వరయ్య.

గుసగుసగా అన్నాడు. నా పక్కనే ఉన్నాడు, ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. పుల్ల నా వేలు కాల్చి ఆరిపోయింది. మిగతాదంతా చీకట్లోనే చెప్పాడు.

“ముక్కు కాడ దూది పెట్టినప్పుడు కదిలె. నేను సూసినా. ఫ్యాను గాలిలే అనుకుంటిని. అందరూ తొందర పెడతాండిరి. లోపలికి పెట్టేస్తిని... పూడ్చేసి ఇంటికొచ్చి తలకు పోసుకుంటా ఉంటే అప్పుడు గ్యానమొచ్చె. మెయిను పీకేసినారు గదా. ఫ్యాను యాడ తిరిగె?”

“అప్పుడే... పరిగెత్తి పోయింటే...”

“పోలే” అన్నాడు. “ఇంతమంది సచ్చిపోయిందంటిరి గదా, నేనొక్కడు లేదని ఎట్ల సెప్పల అనుకుంటిని. ఒంటి మింద నీళ్ళు అట్లే కారతాండె. నిలబడుకోనే ఉంటిని. ఆ పొద్దు పోలే. తెల్లారీ పోలే. మూడు నెలలు పోలే.”

చీకట్లో ఆ శబ్దం కొంచెం వేగం పెరిగింది. మా మాటలు విన్నట్టు. ఇంతకు ముందు నిద్రపోయే మనిషి ఊపిరి, ఇప్పుడు లేచిన మనిషిది. గుక్క... గుక్క... గుక్క... భయం వేస్తే చదువుకునే కలిమా కూడా నాకు నోటికి రాలేదు.

కుర్చీ జరిగిన చప్పుడు అయింది. విశ్వేశ్వరయ్య డిస్కు మీదికి వంగినట్టు తెలిసింది.

“ఉమా” అన్నాడు, ఇంట్లో పిలిచినట్టు. “ఉండు. వస్తాండాను.”

తలుపు తెరుచుకుంది. తెల్లటి ఎండ లోపలికి పడింది. ఆయన చెప్పులు కూడా తొడుక్కోకుండా పోతున్నాడు. నేను పిలవలేదు. పిలిచి ఉండాలి. వెనక్కి తిరిగి చూస్తే ఆ పోగు బెజ్జం అంచున ఊరికే వేలాడుతోంది. కదలడం లేదు.

తర్వాత జరిగింది చెబితే నాకే సిగ్గు. బయటికి వచ్చి రేకుల కింద కూర్చున్నాను. నాలుగు గంటలకు కరెంటు వచ్చింది. శెట్టిగారు కారు దిగి, “ఏమప్పా పీరా సాబ్, అయిపోయిందా?” అన్నారు. కాలేదన్నాను. రేపు పొద్దున బేళ్ళ లోడు పోవాల, ఈ పొద్దే కావాల అన్నారు. లోపల ఏం జరిగిందో ఆయనకు చెప్పలేదు. విశ్వేశ్వరయ్య ఎక్కడంటే, ఇంటికి పోయినాడేమో అన్నాను. సిద్దమ్మను గడప దగ్గర కూర్చోబెట్టుకొని, తలుపు బార్లా తెరిచి, మళ్ళీ స్విచ్చి వేశాను. డిస్కు బుద్ధిగా కూత పెట్టింది. అంకెలు ఒకటి నుంచి వెయ్యి ఇరవై మూడు దాకా ఎక్కడా ఆగకుండా పోయాయి. మూడు గదులు చేశాను. పాత డిస్కులో ఉన్నదంతా దించాను. పేర్లు, నంబర్లు, అన్నీ వచ్చాయి. నేను చేసిన పనుల్లో అంత శుభ్రంగా అయిన పని ఇంకొకటి లేదు. పనిలో తల పెట్టి, ఆయన ఎటు పోయి ఉంటాడో నాకు తెలియనట్టే చీకటి పడేదాకా కూర్చున్నాను.

రాత్రి గురించి చెప్పడానికి ఏమీ లేదు. బస్టాండు ఎదురుగా ఒక లాడ్జీలో పడుకున్నాను. నిద్ర పట్టలేదు, అంతే.

తెల్లవారుజామున అయిదున్నరకు ఆదోనికి మొదటి బస్సు. మంచు పడుతోంది. మఫ్లరు చుట్టుకొని బస్టాండు బల్ల మీద కూర్చుంటే, విశ్వేశ్వరయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు. పంచె మోకాళ్ళ దాకా నల్లరేగడి. చేతులు మోచేతుల దాకా అదే మట్టి. గోళ్ళు రెండు విరిగి ఉన్నాయి. మొహం మాత్రం ప్రశాంతంగా ఉంది.

“పోయింటివా సామీ?” అన్నాను.

“పోయింటి. ఎట్ల కూసోబెట్టినామో అట్లే ఉండాది సాబ్. నుదుటి మింద ఈబూది గూడా చెదరలే. కదిలిన గుర్తు లేదు.”

నా గుండె మీది బండ దిగినట్టు అయింది. నిజం చెబుతున్నాను, ఏడుపు వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను.

“అంటే అప్పటికే పోయింది సామీ! ప్రాణముంటే కదలదా? నీ తప్పేమీ లేదు. ఇంక నిమ్మళంగా ఉండు.”

“నేనూ అట్లనే అనుకుంటిని. అంత సంతోషమాయె నాకు. ఒక్కసారి సెయ్యి పట్టుకోని వచ్చేద్దామని పట్టుకుంటిని.”

బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. దిగేవాళ్ళు దిగుతున్నారు. ఆయన వాళ్ళను చూస్తూ, నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

“ఎచ్చగా ఉండాది సాబ్.”

నేను ఆయన చెయ్యి వదిలేశాను.

“ఏం... ఏం జేసినావు సామీ?”

ఇదేం ప్రశ్న అన్నట్టు నా వైపు చూశాడు. “దినాలు గూడా అయిపోయినాయి గదా సాబ్. ఊరంతా వచ్చి తినిపోయినారు. ఇప్పుడు పిల్సుకోని పోతే ఎవరికేమని సెప్పల?” మోకాలి మీది మట్టి దులుపుకున్నాడు. “మళ్ళా కూసోబెట్టి, పూడ్చేసి వచ్చినా. ఈ తూరి పైన బండలు గూడా పెట్టినా.”

కండక్టరు ఆదోని, ఆదోని అని అరుస్తున్నాడు. నేను లేచాను. సమాధి ఎక్కడో అడగలేదు. సిద్దమ్మను లేపలేదు. పోలీసుస్టేషను బస్టాండు పక్కనే ఉంది, అటు చూడలేదు. బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చొని, అద్దం మూసుకున్నాను. ఆయన ఆ బల్ల మీదే కూర్చొని నాకు చెయ్యి ఊపాడు.

బస్సు ఊరు దాటి పొలాల్లో పడ్డాక కండక్టరు నా దగ్గరికి వచ్చి ఎక్కడికని అడిగాడు. రెండుసార్లు అడిగాడు.  అప్పుడే నా బుర్రకు ఎక్కింది ఆయనన్నది.

మళ్ళా కూసోబెట్టినా అన్నాడు. మొదట, కూర్చునే ఉంది, కదలలేదు అన్నాడు కదా. చెయ్యి పట్టుకున్నాక ఆమె లేస్తే తప్ప, కూర్చున్న మనిషిని మళ్ళా ఎందుకు కూర్చోబెట్టాలి?